బొటనవేలంత పసుపు పెట్టె చేప రెండడుగుల ట్యాంకులో బతుకుతుందా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం. మందుల షాపు నడుపుతున్నాను. మొన్న విశాఖపట్నంలో ఒక అక్వేరియం షాపు ముందు మా అమ్మాయి (ఏడో తరగతి) ఒక చేపను చూసి అక్కడే నిలబడిపోయింది. పసుపు రంగు, ఒళ్ళంతా నల్ల చుక్కలు, అచ్చం లూడో పాచికలా ఉంది. బొటనవేలి కొసంత ఉంటుంది. బాక్స్ ఫిష్ అన్నారు. రెండడుగుల ట్యాంకు చాలు, నీళ్ళలో ఉప్పు కలిపితే సరిపోతుందని షాపాయన చెబితే అయిదు వందలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఇంట్లో రెండు గోల్డ్ ఫిష్‌లున్న రెండడుగుల ట్యాంకు ఉంది. కళింగపట్నం నుంచి క్యాన్లతో సముద్రపు నీళ్ళు తేవచ్చా? లేదా నౌపడ ఉప్పు కలిపితే చాలా? ఈ చేప విషం వదులుతుందని ఎక్కడో విని మా ఆవిడ వద్దంటోంది, నిజమేనా? అమ్మాయి కూడా ఒక ప్రశ్న రాయమంది: ఆ చేప మూతి ఎప్పుడూ ఈల వేస్తున్నట్టు ఎందుకుంటుంది?

సమాధానం: ముందు ఆ అడ్వాన్స్ వెనక్కి అడగండి. ఇవ్వకపోతే అయిదు వందలు పోయాయనుకోండి గానీ చేపను మాత్రం తేకండి. ఇంత తొందరగా తేల్చేస్తున్నానేమిటి అనుకోవద్దు. మీ ఉత్తరం తీరు చూస్తే, వచ్చే ఆదివారం అమ్మాయి మిమ్మల్ని మళ్ళీ విశాఖ బస్సు ఎక్కించేలా ఉంది.

మీరు చూసింది పసికూన. పసుపు పెట్టె చేప, శాస్త్రీయంగా ఆస్ట్రాసియాన్ క్యూబికస్. 1758లో లిన్నేయస్ దానికి ఆ పేరు పెట్టాడు. షాపుల్లో రెండు మూడు సెంటీమీటర్లప్పుడే అమ్ముతారు, ఎందుకంటే అప్పుడే అది అంత ముద్దుగా ఉంటుంది. సముద్రంలో అది 45 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇళ్ళల్లో అంత రాకపోవచ్చు, ఒక అడుగు వచ్చిందనే అనుకుందాం. మీ ట్యాంకు పొడవు రెండడుగులు, వెడల్పు అడుగు. మామూలు చేపైతే ఒళ్ళు వంచి మళ్ళుతుంది. దీనికి ఆ వీలు లేదు. చర్మం కింద ఆరు పలకల ఎముక బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని డబ్బాలా బిగిసి ఉంటాయి. కళ్ళు, మూతి, రెక్కలు, తోక మాత్రమే ఆ డబ్బాకున్న కన్నాల్లోంచి బయటికి వచ్చి కదులుతాయి. అంటే మీ ట్యాంకులో అది పెద్దదయ్యాక అటు తిరిగింది ఇటు తిరగలేదు. ఇరుకు సందులో లారీ పెట్టినట్టే.

ఆ పసుపు రంగు కూడా అలా ఉండిపోదు. పెరిగేకొద్దీ ఆవపిండి రంగులోకి మసకబారుతుంది. మగదైతే చివరికి నీలి బూడిద రంగుకి తిరిగి, బిళ్ళల మధ్య అతుకుల్లో మాత్రం పసుపు గీతలు మిగులుతాయి. నాకైతే ఆ పెద్ద రూపమే అందంగా కనిపిస్తుంది. కానీ పాచిక కావాలని మారాం చేసిన పిల్లకి రెండేళ్ళ తర్వాత ఇంకేదో చేపను చూపించి ఇదే అది అంటే ఏమంటుందో మీరే ఊహించుకోండి.

ఇక విషం సంగతి. మీ ఆవిడ విన్నది నిజమే. అయితే ప్రమాదం మీ ఇంట్లో మనుషులకి కాదు, ట్యాంకులో చేపలకి. ఈ జాతి చేపల చర్మం మీది జిగురులో ఒక విషం ఉంటుంది. హవాయిలో పెట్టె చేపను పహు అంటారు, అక్కడి శాస్త్రవేత్తలు అక్కడి ఒక రకం పెట్టె చేప జిగురు నుంచి తీసిన విషాన్ని 1967లో పహుటాక్సిన్ పేరుతో ప్రకటించారు. పఫర్ చేపల్లో ఉండే టెట్రోడోటాక్సిన్ వేరు, ఇది వేరు. ఇది పనిచేసే తీరు సబ్బుకి దగ్గర. నీళ్ళలో నురగ కడుతుంది, పక్క చేపల మొప్పల మీద పడి వాటి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. సముద్రంలోనైతే కొరకబోయిన పెద్ద చేప నోరు వదిలేసి పోతుంది, వదిలిన విషం రెండు అలల్లో పలచబడిపోతుంది. గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? పంపు తిప్పిన నీళ్ళే తిప్పుతుంటే మళ్ళీ మళ్ళీ మొప్పల్లోకే వస్తుంది. చివరికి వదిలిన చేప కూడా దాని విషంతోనే చస్తుంది.

అలాగని ఊరికే విషం కక్కుతూ కూర్చోదు. ఏళ్ళ తరబడి పెంచి ఒక్కసారి కూడా అలాంటిది చూడనివాళ్ళు ఉన్నారు. తరిమినా, కొరికినా, వలతో పట్టినా, నీళ్ళు పాడైనా, చచ్చే స్థితికి వచ్చినా వదులుతుంది. నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు.

విజయనగరంలో మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకులో ఒక కౌ ఫిష్‌ని పెంచాను. ఇదీ పెట్టె చేపల కుటుంబమే. కళ్ళపైన ఆవుకున్నట్టు రెండు కొమ్ములుంటాయి. దానితోపాటు ఒక క్లౌన్ ఫిష్ జంట, మూడు చిన్న డాంసెల్ చేపలు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టాను. రాత్రంతా అది గుర్రుగుర్రుమంటూనే ఉంది, చేపలన్నీ బాగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున కౌ ఫిష్ ఒక మూలకి చేరి నీటి అంచున ఊపిరి పీలుస్తోంది. దాన్ని విడిగా బకెట్లో పెడదామని నాకు బుద్ధి పుట్టింది. పచ్చ వల ముంచాను. దాని కొమ్ము వల కన్నంలో ఇరుక్కుంది. విదిలించాను, రాలేదు. మళ్ళీ విదిలించాను. అప్పుడు చూశాను, నీళ్ళ మీద గోడ వెంబడి సన్నటి నురగ, పాలు పొంగే ముందు గిన్నె అంచున కట్టే నురగలా. డాంసెల్‌లు ముందు గిరగిరా తిరిగాయి. టీ తాగి వచ్చేలోపు క్లౌన్ ఫిష్ జంట పక్కకి ఒరిగి ఇసుక మీద పడి ఉన్నాయి. బకెట్లో వేసిన కౌ ఫిష్ మధ్యాహ్నానికి పోయింది. అంత తుఫానుకి బతికినవి నా వల దెబ్బకి పోయాయి.

ఆ రోజు చేయాల్సింది ఇది: చేతిలోకి వల తీసుకోకూడదు. ప్లాస్టిక్ మగ్గునో డబ్బానో నీటి లోపలే పెట్టి, చేపను మెల్లగా దాంట్లోకి తోలి, నీళ్ళతో సహా ఎత్తాలి. నురగ కనిపించిందంటే మాత్రం మిగతా చేపలను వెంటనే వేరే ఉప్పునీటికి మార్చాలి, పెట్టె చేపను కూడా దాని నీళ్ళలోనే ఉంచకుండా విడిగా పెట్టాలి, ట్యాంకు నీళ్ళు చాలావరకు మార్చి నీళ్ళలోని విషాన్ని పీల్చే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, కొత్తది వేయాలి. అందుకే ఇలాంటి చేప ఉన్న ఇంట్లో కలిపి సిద్ధంగా ఉంచిన ఉప్పునీళ్ళు ఎప్పుడూ ఒక డ్రమ్ముడు ఉండాలి. నా దగ్గర ఆ రోజు ఒక్క బకెట్టే ఉంది.

నీళ్ళ గురించి మీరు అడిగిన రెండు ప్రశ్నలూ మంచివి. షాపాయన చెప్పిన దానికంటే మీరే ఎక్కువ ఆలోచించారు.

నౌపడ ఉప్పుతో మొదలుపెడదాం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో 85 శాతం పైగా సోడియం, క్లోరైడ్. మిగతాది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం లాంటివి. ఉప్పు మడిలో నీరు ఎండేటప్పుడు కాల్షియం చాలావరకు జిప్సంగా ముందే అడుక్కి దిగిపోతుంది. ఆ తర్వాత ఉప్పు గళ్ళు కడుతుంది. మెగ్నీషియం ఆఖరున మిగిలే చేదునీటిలో ఉండిపోతుంది, దాన్ని మడిలోంచి తీసేస్తారు. కూరలోకీ ఆవకాయలోకీ అదే మనకి కావలసింది. చేపకి మాత్రం ఆ పోయినవన్నీ కావాలి. కాబట్టి నౌపడ ఉప్పు ఎంత మంచిదైనా దాన్ని నీళ్ళలో కలిపితే సముద్రం తిరిగి రాదు. అయొడైజ్డ్ ఉప్పు సంగతి సరేసరి. అక్వేరియం కోసం విడిగా అమ్మే సీ సాల్ట్ మిక్స్ కొనాల్సిందే.

దాన్ని కలిపే నీళ్ళు కూడా శుభ్రమైనవి కావాలి. బోరు నీళ్ళు వద్దు. ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: రుచి కోసం ఆ మెషీన్లు మళ్ళీ కొంత ఖనిజాలు కలుపుతాయి. ఆ భాగం తీసేయించి, నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సున్నాకి దగ్గరగా చూపిస్తోందో లేదో చూడండి.

కళింగపట్నం నీళ్ళు వాడొచ్చు. నేనూ కొన్నేళ్ళు మా జిల్లాలో చింతపల్లి తీరం నుంచి తెచ్చుకున్నాను. కానీ ఎప్పుడు, ఎక్కడ అన్నది ముఖ్యం. మీకు అక్కడ వంశధార సముద్రంలో కలిసే మొగ ఉంది. వరదల కాలంలో నది దగ్గరి నీరు సగం మంచినీరు, పైగా బురద. వానాకాలం అయ్యాక కూడా గంగ, బ్రహ్మపుత్ర పోసిన మంచినీరు తీరం వెంట దక్షిణానికి దిగుతూ మన వైపు వస్తుంది. కాబట్టి జూలై నుంచి డిసెంబరు దాకా క్యాన్లు పట్టుకుని వెళ్ళొద్దు. ఎండాకాలంలో, మొగకి దూరంగా, పోటు మీద ఉన్నప్పుడు తెచ్చుకోండి. గుడ్డలో వడకట్టి, మూతపెట్టి, వెలుతురు తగలని చోట రెండు మూడు వారాలు ఉంచండి. వాడబోయే ముందు నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటరుతో చూడండి, సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. ఆ పరికరం లేకుండా ఉప్పునీటి ట్యాంకు పెట్టడమంటే బీపీ మెషీను లేకుండా బీపీ మాత్రలు ఇవ్వడం లాంటిది. మందుల షాపు నడిపే మీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

చాలామంది చేసే ఒక పొరపాటు కూడా చెప్తాను. ట్యాంకులో నీరు ఆవిరైతే తగ్గింది కదా అని మళ్ళీ ఉప్పునీరే పోస్తారు. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. తగ్గినప్పుడు ఉప్పు లేని శుభ్రమైన నీళ్ళే పోయాలి. మన ఎండల్లో ఇది రోజూ చేయాల్సిన పని.

బందరువానిపేటలో ఒకసారి అలివి వల లాగుతుంటే చూడ్డానికి నిలబడ్డాను. వలలో చేతివేళ్ళంత కౌ ఫిష్ ఒకటి పడింది. కళ్ళు తిప్పుతూ ఇసుక మీద పడి ఉంది. నేను వంగి చూస్తుంటే వల లాగే పెద్దాయన, "ఏటి మాస్టారూ, అది కూరకి పనికిరాదు. సంద్రంలోకి ఇసిరీండి" అన్నాడు. తినకూడదన్నది నిజమే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, క్యాన్లు పట్టుకుని వెళ్ళిన రోజు అలాంటిదేదైనా వలలో కనిపిస్తే అమ్మాయి ఇంటికి తెద్దామంటుంది. వలలో నలిగి గాలిలో కొట్టుకున్న పెట్టె చేప ఇంటికి బతికి రాదు. పెద్దాయన చెప్పినట్టే చేయండి.

మేతకి వస్తే, దీనికంటే నెమ్మదైన తిండిపోతును నేను చూడలేదు. 2005లో మెర్సిడెస్ బెంజ్ వాళ్ళు దీని ఆకారం చూసి బయోనిక్ అని ఒక నమూనా కారు చేశారు, అందుకని ఇది బాణంలా ఈదుతుందనుకునేరు. ఉన్నచోటే గిర్రున తిరగడంలో దీనికి సాటి లేదు గానీ పరుగుపందెం దీని వల్ల కాదు. డాంసెల్ చేప మూడు ముక్కలు మింగేలోపు ఇది మొదటి ముక్క దగ్గరికి చేరి, ఆగి, ఒక కన్నుతో చూసి, ఇంకో కన్నుతో చూసి, అప్పుడు నోరు తెరుస్తుంది. అప్పటికి ముక్క ఉండదు. ఈ చేప పిల్లలు చాలావరకు పోయేది ఆకలితోనే. రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం పెట్టాలి: ఫ్రోజెన్ మైసిస్ (రొయ్యల్లాంటి చిన్న జీవులు), ఉప్పు వేయని నూకలంత పచ్చి రొయ్య ముక్కలు, కాస్త సముద్రపు నాచు. మీరు పొద్దున్నుంచీ షాపులో, అమ్మాయి స్కూల్లో. అందరి లెక్కా చూస్తే ఈ పని మీ ఆవిడ మీద పడుతుంది, అసలు వద్దన్నది ఆవిడే.

ఇంకోటి, మీకు ప్రత్యేకంగా చెప్పాల్సింది. ఉప్పునీటి చేపలకి తెల్ల మచ్చల జబ్బు వస్తే రాగి మందు వేస్తారు. పెట్టె చేపకి మామూలు పొలుసులు లేవు, రాగి దానికి పడదు. మిగతా చేపలకి సరిపోయే మోతాదే దాన్ని చంపొచ్చు. చేతిలో మందుల షాపు ఉంది కదా అని తొందరపడే ప్రమాదం మీకు మామూలు వాళ్ళకంటే ఎక్కువ.

ఇన్ని చెప్పినా ఎప్పటికైనా పెట్టె చేపే కావాలంటే దానికో లెక్క ఉంది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. దాదాపు 650 లీటర్లు. నీళ్ళ బరువే ఆరున్నర క్వింటాళ్ళు, గాజు, రాళ్ళు, స్టాండు దాని మీద. మేడ మీద గదిలోనైతే ఇంజనీరుని అడగకుండా పెట్టొద్దు. ఒక్కసారి నింపడానికి ఇరవై కిలోల పైన సాల్ట్ మిక్స్. వారం వారం పది శాతం మార్చినా మరో రెండు కిలోలు. నీళ్ళలో మురికిని నురగగా తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్, ఇన్వర్టరు మీద నడిచే పంపు, వేసవిలో నీటిని 27 డిగ్రీల దగ్గర ఆపడానికి చిల్లర్. పంపు నోటికి జాలీ కట్టాలి, లేకపోతే నెమ్మదిగా ఈదే చేప దానికి అతుక్కుపోతుంది. ట్రిగ్గర్, పఫర్ లాంటి కొరికే చేపలు పక్కన ఉండకూడదు. వేరే చేపల ఒంటి మీది పురుగులు ఏరుకు తినే క్లీనర్ రాస్ చేప కూడా వద్దు, పెట్టె చేప ఒళ్ళు గిల్లుతూనే ఉంటుంది. చేపను కూడా గోరంతది కాకుండా రెండు మూడు అంగుళాలది, మీ కళ్ళముందు తిన్నది తెచ్చుకోవాలి. పక్కలు లోపలికి పీక్కుపోయి ఉంటే అది చాలా రోజులుగా పస్తున్నట్టు.

ఇప్పటికి మీ రెండడుగుల ట్యాంకుకి నేను చెప్పేది క్లౌన్ ఫిష్ జంట. మూడంగుళాలకి మించి పెద్దగా పెరగవు, గుప్పెడు చోటులో జీవితమంతా గడిపేసే రకం. హేచరీలో పుట్టినవి అడిగి తీసుకోండి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది. ఆ సంస్థకి విశాఖలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ట్యాంకుకి సుమారు 60 లీటర్ల నీళ్ళు, రెండు కిలోల పైచిలుకు సాల్ట్ మిక్స్. నీళ్ళు పోసిన రోజే చేపలు వేయకండి. అమ్మోనియాను తినే బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేపలు. ఆ కిట్ పని అమ్మాయికి అప్పగించండి. గాజు గొట్టంలో రంగు మారడం చూడ్డం ఆ వయసులో సరదాగా ఉంటుంది. వేసవికి ట్యాంకు అంచున చిన్న ఫ్యాను బిగిస్తే నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది.

షాపులో బతికున్న పగడాలో సముద్రపు గుర్రాలో చూపిస్తే చూసి వచ్చేయండి. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, కొన్నవాళ్ళకీ కేసే.

గోల్డ్ ఫిష్‌లను ఏం చేయాలని మీరు అడగలేదు గానీ, నాగావళిలో మాత్రం వదలొద్దు. పెద్ద తొట్టె ఉన్న వాళ్ళెవరికైనా ఇవ్వండి. నిజానికి వాటికీ మీ ట్యాంకు ఇరుకే.

ఇక అమ్మాయి ప్రశ్న. అమ్మా, ఆ మూతి ఈల వేయడానికి కాదు, ఊదడానికి. సముద్రం అడుగున ఇసుకలో పురుగులు, చిన్న రొయ్యలు దాక్కుని ఉంటాయి. పెట్టె చేప తల కిందికి వంచి, తోక పైకెత్తి, మూతి గుండ్రంగా చేసి ఇసుక మీదికి నీళ్ళు ఫూ అని ఊదుతుంది. మీ నాన్న షాపులో మాత్రల డబ్బా మీద దుమ్ము ఊదినట్టు. ఇసుక లేచి చిన్న గుంట పడుతుంది. దాంట్లో ఏదైనా కదిలితే చటుక్కున లాగేసుకుంటుంది, లేకపోతే ఒక అంగుళం పక్కకి జరిగి మళ్ళీ ఊదుతుంది. మా కౌ ఫిష్ అయితే నేను అద్దం దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మేత పెడతానని నీటి పైకి వచ్చి నా మొహం మీదికి కూడా ఊదేది. కళ్ళజోడు రోజూ తుడుచుకోవాల్సి వచ్చేది.